చలికాలపు సైకిలు: పైకప్పు క్రిందనా, ఆకాశము క్రిందనా?

పెండ్లినాడు అల్లుడు అత్తవారిని కోరు వస్తువులు ఒకప్పుడు మన తెలుగునాట మూడు: చేతి గడియారము, సైకిలు, రేడియో. గడియారము కాలమును చూపును. రేడియో లోకమును ఇంటికి తెచ్చును. సైకిలు మాత్రము మనుష్యుని ఇంటినుండి లోకములోనికి తీసికొనిపోవును. కనుకనే కాబోలు, సైకిలు కొఱకు కన్నన్ని కలలు మఱి యే వస్తువు కొఱకును మన కుఱ్ఱవాండ్రు కనలేదు. నిండుగా చైను కవరు గల నల్లని బండి, ముందు డైనమో దీపము, వెనుక క్యారియరు, హ్యాండిలునకు తళతళలాడు గంట - ఇది కల. వచ్చునది మాత్రము తఱచుగా పినతండ్రిగారు త్రొక్కి విడిచిన పాతబండి. అయినను దసరానాడు ఆ పాతబండికే పసుపు కుంకుమలు పెట్టి, చక్రము క్రింద నిమ్మకాయ నుంచి, దానినే తన కలల బండిగా తలచి సంతసించిన తరములు మనకు కలవు. 1949లో మదరాసునందు టి.ఐ. సైకిల్స్ సంస్థ స్థాపితమై, అటుపిమ్మట స్వదేశమున తయారైన బండ్లు విరివిగా దొరకినకొలది, ఆ కల సామాన్యులకును దగ్గఱయ్యెను.

మనకు చలికాలము సైకిలునకు శత్రువు కాదు. మండు వేసవిలో తారు కరగు రోడ్డుమీదను, వానకాలపు బురదలోను పడిన శ్రమతో పోల్చినచో ధనుర్మాసపు ఉదయమున సైకిలు త్రొక్కుట ఒక విలాసము. చెవులకు మఫ్లరు చుట్టుకొన్న పాలవాడును, ముంజేతులు దగ్గఱకు ముడుచుకొని పోవు పత్రికల కుఱ్ఱవాడును మనకు శీతకాలపు గుఱుతులు. కాని సైకిలు పుట్టిన దేశములలో సంగతి వేఱు. అచట చలికాలమున మంచు కురియును. మధ్యాహ్నము మూడు గంటలకే ప్రొద్దు వాలు ఊళ్లును కలవు. ఆ దేశములవారిని చలికాలము ఏటేట ఒక ప్రశ్న వేయుచు వచ్చినది: బండిని నాలుగు గోడల నడుమ త్రొక్కుదువా, ఆరుబయట త్రొక్కుదువా? చూచుటకు ఇది సౌఖ్యమునకు సంబంధించిన చిన్న ప్రశ్న. కాని రెండు వందల యేండ్లుగా దీనికి మనుష్యులు చెప్పిన సమాధానములను వరుసగా పరిశీలించినచో, అందులో ధనమును, శ్రమయు, జాత్యహంకారమును, తుదకు ఒక మహానగరపు పాపమును గూడ కానవచ్చును. ఆ కథనే మేమిచట క్లుప్తముగ చెప్పబూనితిమి.

సైకిలు పుట్టుకకే చెడ్డ వాతావరణము కారణమని కొందఱు చరిత్రకారులు ఊహించిరి. 1815 ఏప్రిలులో ఇండోనీషియాలోని సుంబావా ద్వీపమున తంబోరా అను అగ్నిపర్వతము ప్రేలెను. ఆ ధూళి ఆకాశమున వ్యాపించి సూర్యరశ్మిని మందగింపజేసెను. 1816వ సంవత్సరము ఐరోపాలో వేసవి లేని సంవత్సరముగా పేరొందెను. పంటలు పోయెను, ఓట్ల ధర పెరిగెను, గుఱ్ఱములకు మేత కఱవయ్యెను. మఱునాటి యేడు, అనగా 1817 జూను 12వ తేదీన, బాడెన్ రాజ్యపు అటవీశాఖ యుద్యోగియైన కార్ల్ ఫాన్ డ్రైస్ గుఱ్ఱము అక్కఱలేని రెండు చక్రముల కఱ్ఱబండి నెక్కి, మాన్‌హైము నగరమునుండి బయలుదేఱి సుమారు ఏడు కిలోమీటర్లు పోయి, గంట గడువకమునుపే తిరిగివచ్చెను. దానికి పెడళ్లు లేవు, చైను లేదు. మనుష్యుడు బండిపై కూర్చుండి రెండు కాళ్లతో నేలను తన్నుకొనుచు పోవలసినదే. మేత కఱవునకును ఈ బండికిని సంబంధమున్నదో లేదో నిశ్చయముగ చెప్పజాలము. ఆ బండి మాత్రము రోడ్డు కొఱకే పుట్టినది.

ఇందొక విచిత్రము కలదు. ఇంటిలోపల కాళ్లాడించు యంత్రము డ్రైస్ బండికంటె ముందే పుట్టినది! 1796లో ఫ్రాన్సిస్ లౌండ్స్ అను నాతడు ఇంగ్లండులో జిమ్నాస్టికాన్ అను యంత్రమునకు పేటెంటు పొందెను. చేతులతోను కాళ్లతోను త్రిప్పుచు, ఉన్నచోటనే ఉండి వ్యాయామము చేయుటకు అది ఉద్దేశింపబడినది. కీళ్లు పట్టినవారికిని, కదలక కూర్చుండి పని చేయువారికిని అది మేలు చేయునని తలచిరి. కాబట్టి కదలని సైకిలు అన్న, కదలు సైకిలునకు తాతవంటిది.

1860 దశకమున పారిస్ నగరములో ముందు చక్రపు ఇరుసునకు పెడళ్లు అమర్చబడినవి. అచటి మిషో కుటుంబము పేరు ఈ బండితో ముడివడియున్నది. పియేర్ లాల్మా అను ఫ్రెంచివాడు 1866లో అమెరికాలో ఇట్టి బండికి పేటెంటు పొందెను. కఱ్ఱ చక్రములకు ఇనుప పట్టాలు బిగించిన ఈ బండిని ఆంగ్లేయులు ఎముకలు కుదుపు బండియని పరిహసించిరి. 1868-69 శీతకాలమున అమెరికా నగరములలో దీనిపై వెఱ్ఱి వ్యామోహము బయలుదేఱెను. ఎచట విశాలమైన హాలు కలదో అచట సైకిలు బడి వెలసినది. నున్నని చెక్క నేలమీద, దీపముల వెలుగులో, నిమిషముల లెక్కన సొమ్ము చెల్లించి యువకులు గిరగిర తిరిగిరి. బయట మంచు; లోపల వేడుక. బండి కొనుటకు వందలకొలది జనులు ఉవ్విళ్లూరిరి.

పిదప వసంతము వచ్చెను. మంచు కరగెను. జనులు బండ్లను వీథులలోనికి తెచ్చిరి. రాళ్లును గోతులును నిండిన నిజమైన రోడ్డుమీద ఆ బండి నిజస్వరూపము బయటపడెను. ఎముకలు కదిలెను, ఉత్సాహము చల్లారెను. 1869 ముగియులోపలనే అమెరికాలో ఆ వ్యామోహము అణగిపోయెను. దీనినుండి గ్రహింపదగిన సత్య మొకటి కలదు. నున్నని నేల యంత్రమును పొగడును. గతుకుల రోడ్డు దానిని పరీక్షించును. కలల బండి యేదియో తేల్చునది దుకాణపు గాజు అద్దము గాని, హాలులోని చెక్క నేల గాని కాదు.

ఆ పరీక్షకు నిలుచు బండిని చేయుటకు ఇంకను రెండు దశాబ్దములు పట్టెను. 1870 ప్రాంతమున ఇంగ్లండులోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ ముందు చక్రమును మిక్కిలి పెద్దదిగను, వెనుక చక్రమును చిన్నదిగను చేసెను. పెడళ్లు చక్రమునకే తగిలియుండుటచే, చక్ర మెంత పెద్దదైన ఒక్క త్రొక్కుడునకు బండి అంత దూరము పోవును. అనగా మనుష్యుని వేగమునకు వాని కాలి పొడవే హద్దు. చిన్నరాయి తగిలినచో పైనున్నవాడు తలక్రిందుగ పడవలసినదే. పొడవాటి కాళ్లును, గట్టి గుండెయును, నిండు జేబును గల యువకులకే అది కల. 1885లో జేమ్స్ స్టార్లీ అన్నదమ్ముల బిడ్డయైన జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రములను ఇంచుమించు సమానముగ చేసి, చైనుతో వెనుక చక్రమును నడుపు రోవరు బండిని వెలువరించెను. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్, తన చిన్నకుమారుని మూడు చక్రముల బండి కొఱకు గాలి నింపిన టైరును తయారుచేసెను. మన వీథులలో నేటికిని తిరుగు సాధారణపు సైకిలు ఈ రెండింటి సంతానమే.

అప్పటినుండి కల అందఱిదైనది. ధర మాత్రము కాలేదు. 1890 దశకపు నడుమ అమెరికాలో మంచి సైకిలు వెల నూఱు డాలర్లు. కూలివానికది నెలల సంపాదన. అదే కాలమున డైమండ్ జిమ్ బ్రాడీ అను ధనికుడు, లిలియన్ రసెల్ అను నటీమణికి బంగారుపూత సైకిలును బహూకరించెను. దాని హ్యాండిలునకు ముత్యపుచిప్పల పొదుగు. ఒకని కలకు బంగారుపూత కావలెను; మఱియొకనికి పనిచోటికి వేళకు చేరిన చాలును. యంత్ర మొక్కటియే.

ఆ దశకముననే పైకప్పు క్రింది సైకిలు ఒక మంచి పని చేసినది. నడివీథిలో పడిన పదిమంది నవ్వుదురని భయపడు స్త్రీలు, సైకిలు బడులలో చాటుగా నేర్చికొనిరి. అమెరికాలో మద్యపాన నిషేధోద్యమ నాయకురాలైన ఫ్రాన్సెస్ విల్లార్డు తన యేబది మూడవ యేట సైకిలు నేర్వబూనెను. రోజునకు పావుగంట చొప్పున సుమారు మూడు నెలలు సాధన చేసితినని ఆమె 1895లో ప్రకటించిన పుస్తకమున వ్రాసికొనెను. తన బండికి గ్లాడిస్ అని ముద్దుపేరు గూడ పెట్టుకొనెను. స్త్రీల ఓటుహక్కునకై పోరాడిన సూసన్ ఆంథొనీ 1896లో ఒక పత్రికతో ముచ్చటించుచు, స్త్రీల విముక్తికి సైకిలు చేసినంత మేలు లోకమున మఱి యేదియు చేయలేదను అభిప్రాయమును వెలిబుచ్చెను. లోపల నేర్చికొన్న విద్య బయటికి దారి చూపినది. లోపల ఉండుటలోని సార్థకత అంతయు ఇదియే కదా!

ఇక పందెముల మాట. 1878లో లండనులోని అగ్రికల్చరల్ హాలునందు ఆఱు దినముల సైకిలు పందెములు మొదలయ్యెను. ఏడవ దినము ఆదివారము. ఆనాడు ఆటలు కూడవు. కాబట్టి ఆఱు దినములు. శీతకాలమున రోడ్డు పందెములు లేవు. జనులకు వినోదము కావలెను. ఆటగాండ్రకు కూడు కావలెను. ఈ మూడు అవసరములును ఒక పైకప్పు క్రింద కలిసికొనినవి. 1891నుండి న్యూయార్కు నగరములోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ఈ పందెములకు పేరొందెను. ఆ కాలమున ఒక్కొక్క పోటీదారుడు ఆఱు దినములును తానొక్కడే త్రొక్కవలెను. నిద్రించినచో దూరము తగ్గును. కనుక నిద్రించువాడు కాడు.

మన పల్లెలలో పెఱిగినవారికి ఈ దృశ్యము క్రొత్తది కాదు. ఊరి నడుమ మైదానములో గుండ్రముగ త్రాడు కట్టి, మైకులో సినిమా పాటలు వేయుచు, కాలు నేల మోపకుండ ఇన్ని దినములు త్రొక్కెదనని పందెము పట్టి సైకిలు త్రొక్కిన బక్కపలుచని మనుష్యుని మనము చూచియున్నాము. వాడు బండి మీదనే అన్నము తినును. బండి మీదనే నీళ్లు పోసికొనును. ఊరి పెద్దలు వాని చొక్కాకు రూపాయి నోట్లు గ్రుచ్చుదురు. పిల్లలకది వింత, వానికది జీవనోపాధి. న్యూయార్కు హాలునకును మన ఊరి మైదానమునకును ఎంత దూరమైనను, ఆ రెండుచోట్లను త్రొక్కినది ఆకలియే.

1896 డిసెంబరులో మాడిసన్ స్క్వేర్ గార్డెను నందలి ఆఱు దినముల పందెములో పదునెనిమిదేండ్ల నీగ్రో యువకుడొకడు పాల్గొనెను. ఆతని పేరు మేజర్ టేలర్. దూరపు పందెము లాతనికి కొత్త; ఆతడు స్వల్పదూరముల వేగగాడు. అయినను 1,732 మైళ్లు త్రొక్కి ఎనిమిదవ స్థానమున నిలిచెను. తుదిదినములలో నిద్రలేమిచే లేనివాండ్రు కనుల ముందు కదలుచున్నట్లు భ్రమసెను. దీనికి రెండేండ్ల ముందు, అనగా 1894లో, అమెరికా సైకిలువారి పెద్ద సంఘము నల్లవారికి సభ్యత్వము నిరాకరించియుండెను. దక్షిణ రాష్ట్రములలో అనేక పందెపుబాటలు టేలరునకు మూసియుండెను. ఆ యువకుడే 1899లో మాంట్రియల్ నగరమున ఒక మైలు పందెములో ప్రపంచ విజేతయయ్యెను. లోపల త్రొక్కుదువా, బయట త్రొక్కుదువా యను ప్రశ్న, తలుపు తెఱచియున్నవానికి మాత్రమే ప్రశ్న. తలుపు మూసియున్నవానికి మొదటి పని తలుపు తట్టుటయే.

ఆటగాండ్రు సోలిపోవుట, మతి భ్రమించుట చూచి జనులు కలత చెందిరి. 1898లో న్యూయార్కు రాష్ట్రము ఒక శాసనము చేసెను: ఇరువది నాలుగు గంటలలో పండ్రెండు గంటలకు మించి ఎవ్వడును పందెమున త్రొక్కరాదు. పందెముల నిర్వాహకులు తెలివిగా ఇద్దఱిద్దఱిని జంటలు చేసి, ఒకడు త్రొక్కునపుడు మఱియొకడు విశ్రమించు పద్ధతిని 1899లో ప్రవేశపెట్టిరి. ఆ జంట పందెమునకు మాడిసన్ అను పేరు నిలిచినది. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో అది మొదటిసారిగ చోటుచేసికొనెను. శ్రామికుని శరీరమునకు హద్దు గీచిన శాసనమునుండి ఒక అందమైన ఆట పుట్టుట గమనింపదగినది.

ఇదే కాలమున ఆరుబయటి చలికి ఎదురేగినవారును కలరు. అలాస్కాలోని నోమ్ తీరమున బంగారము దొరకినదను వార్త వ్యాపించగా, 1900 శీతకాలమున కెనడాలోని డాసన్ నగరమునుండి ఎడ్ జెస్సన్ అను నాతడు సైకిలుపై బయలుదేఱెను. దూరము సుమారు వేయి మైళ్లు. దారి గడ్డకట్టిన యూకాన్ నది. కుక్కల బండ్లు పోయిన సన్నని జాడయే ఆతని రోడ్డు. చలికి బేరింగులలోని చమురు గడ్డకట్టి చక్రములు తిరుగనని మొరాయించెను; టైర్లు కఱ్ఱవలె బిగుసుకొనెను. అయినను ఆతడు నోమ్ చేరెను. అదే యేడు మాక్స్ హిర్ష్‌బర్గు అను మఱియొక యువకుడును ఆ దారినే సైకిలుపై పోయెను. ప్రయాణము చివర చైను తెగిపోగా, తన కోటును కఱ్ఱకు తగిలించి తెరచాప చేసి, గాలి త్రోయగా గడ్డకట్టిన సముద్రముపై జాఱుచు పోయెను. కుక్కలకు నడిచినను నడువకున్నను మేత పెట్టవలెను, సైకిలునకు అక్కఱలేదు. ఆ పేద యాత్రికులకు సైకిలు వినోదము కాదు, లెక్క కుదిరిన బేరము. చలిలో బయట త్రొక్కుట వారు కోరి యెన్నుకొన్నది కాదు, అవసరము ఎన్నుకొన్నది.

ఇప్పుడు మన కథ పారిస్ నగరమునకు పోవలెను. 1903లో ఫ్రాన్సు దేశమును చుట్టివచ్చు టూర్ ద ఫ్రాన్స్ పందెమును మొదటిసారి నడిపిన హెన్రి దెగ్రాంజ్ అను పత్రికాధిపతి, ఆ యేటి శీతకాలముననే, 1889 ప్రదర్శనకై నిర్మించిన యంత్రశాలలో చెక్కబాట వేయించి పందెములు పెట్టించెను. వేసవి పందెము దేశమంతటిది. చలికాలపు పందెము ఒక హాలుది. రెండును ఆ మనుష్యునివే. యంత్రశాల కూల్చివేతకు గుఱికాగా, 1910లో గ్రెనెల్ బులవారు ప్రక్కన క్రొత్త భవన మొకటి వెలసెను. దానికి శీతకాలపు సైకిలు శాల యనియే పేరు: వెలోద్రోమ్ దివేర్. జనులు ముద్దుగా వెల్ దివ్ అనిరి. సుమారు 250 మీటర్ల చెక్కబాట. మలుపులలో గోడవలె నిలిచిన ఏటవాలు. పైన గాజు పైకప్పు. 1913లో అచట పారిస్ ఆఱు దినముల పందెము మొదటిసారి జరిగెను. క్రింద చవుక సీట్లలో కార్మికులు రొట్టెయు సారాయియు తెచ్చుకొని కూర్చుండగా, మేలైన చోట్లలో ధనికులు భోజనము చేయుచు చూచిరి. అమెరికను రచయిత హెమింగ్వే ఆ పందెముల వ్యసనమున పడి, తన పారిస్ జ్ఞాపకముల గ్రంథమున వానిని తలచుకొనెను. ముప్పది యేండ్లు ఆ భవనము పారిస్ ప్రజల చలికాలపు సంబరము.

1942 జూలై 16, 17 తేదీలలో ఆ తలుపులు వేఱొక పనికి తెఱవబడినవి. అప్పుడు ఫ్రాన్సు జర్మను సైన్యముల ఆక్రమణలో ఉండెను. నాజీ అధికారులతో విషీ ప్రభుత్వము చేసికొన్న యేర్పాటు ననుసరించి, ఫ్రెంచి పోలీసులే తెల్లవారుజామున యూదుల యిండ్ల తలుపులు తట్టి, పారిస్ నగరమునందును శివారులందును సుమారు 13 వేలమందిని పట్టుకొనిరి. వారిలో నాలుగువేలకు పైబడి పిల్లలు. పిల్లలున్న కుటుంబములను, సుమారు 8 వేలమందిని, వెల్ దివ్ లోనికి తోలిరి. నడివేసవి. విమానదాడుల భయముచే గాజు పైకప్పునకు ముదురు రంగు పూసియుండిరి. గాలి ఆడదు, నీరు చాలదు, మరుగుదొడ్లు చాలవు. అట్లు వారు రమారమి ఐదు దినములు గడపిరి. అచటనుండి వారిని పిథివియే, బోన్ లా రొలాండ్ అను శిబిరములకు తరలించి, తల్లులనుండి పిల్లలను వేఱుచేసి, తుదకు ఆష్విట్జు మరణశిబిరమునకు పంపిరి. ఆ పిల్లలలో దాదాపు ఎవ్వరును తిరిగి రాలేదు.

చలినుండి మనుష్యులను కాపాడుటకు కట్టిన పైకప్పు అది. దాని క్రింద జనులు ఆఱు దినములు సంతోషముగ గడపుటకు డబ్బిచ్చి వచ్చెడివారు. ఇటుకలు మాఱలేదు, గాజు మాఱలేదు, మలుపుల ఏటవాలు మాఱలేదు. మాఱినది ఒక్కటే: తలుపు లోపలినుండి తెఱచుకొనునా, బయటనుండి మూయబడునా యనునది. ఒక కట్టడము ఆటశాలయో చెఱసాలయో తేల్చునది ఆ గడియ మాత్రమే.

యుద్ధానంతరము వెల్ దివ్ లో మరల పందెములు జరిగెను. 1958 నవంబరులో కడపటి ఆఱు దినముల పందెము ముగిసెను. 1959లో ఆ భవనమును కూల్చివేసిరి. దేశము చాలకాలము ఆ మాట యెత్తుటకు సందేహించెను. 1994లో సేన్ నది యొడ్డున ఒక స్మారకము వెలసెను. దాని పీఠము పందెపుబాట మలుపువలె వంపు తిరిగియుండును. దానిపై పిల్లలు, గర్భిణి, వ్యాధిగ్రస్తుడు, వారి మూటలు. 1995 జూలై 16వ తేదీన అధ్యక్షుడు జాక్ షిరాక్ ఆ దుష్కృత్యమున ఫ్రెంచి రాజ్యమునకు గల పాత్రను బహిరంగముగ అంగీకరించెను. ఆ మాట వెలువడుటకు ఏబది మూడేండ్లు పట్టెను.

పైకప్పు క్రింది సైకిలు మాత్రము అంతరింపలేదు. అది హాలునుండి ఇంటికి చేరినది. 1912లో మునిగిన టైటానిక్ ఓడ వ్యాయామశాలలోనే కదలని సైకిళ్లు ఉండెను. మంచుకొండలను దాటు సముద్రముపై పోవుచు గదిలో సైకిలు త్రొక్కిన ప్రయాణికులను తలచినచో మనసు కలుక్కుమనును. మన కాలమున బండి వెనుకభాగమును ఒక పీటకు బిగించి, ఎదుట తెరపై కదలు కొండలను చూచుచు త్రొక్కు పద్ధతి వచ్చినది. 2014లో మొదలైన జ్విఫ్ట్ అను వ్యవస్థ వేర్వేఱు దేశములవారిని ఒకే కల్పిత రోడ్డుపై కలిపెను. 2020లో కరోనా వ్యాధిచే దేశములు తలుపులు మూసికొనగా, ఆ జూలైలో టూర్ ద ఫ్రాన్స్ పేర కల్పిత పందెమును, డిసెంబరులో మొట్టమొదటి ప్రపంచ పోటీలను ఇండ్లలోనుండియే నడిపిరి. పురుషులలో నెగ్గిన జర్మనీ దేశస్థుడు జేసన్ ఆస్‌బోర్న్ అంతకుమునుపు పడవ పందెములలో పేరొందినవాడు. రోడ్డుపై దారి తప్పు భయము లేదు, పడు భయము లేదు, గాలి లేదు, వాసన లేదు. 1869 నాటి చెక్క నేలవలె ఈ తెరయును మనలను కొంత పొగడును. అయినను రోగికి, వృద్ధునికి, పసిబిడ్డను విడువజాలని తల్లికి ఇది పెన్నిధియే.

ఇక ఆరుబయటి చలి. ఫిన్లాండులో ఉత్తరధ్రువ వలయమునకు రెండువందల కిలోమీటర్లలోపున ఔలు అను నగర మొకటి కలదు. డిసెంబరులో అచట పగలు మూడు నాలుగు గంటలు మాత్రమే. అయినను మంచులో పిల్లలు సైకిళ్లపై బడికి పోవుదురు. బడి ముంగిట మంచు కప్పిన బండ్లు బారులు తీఱియుండును. వారి రక్తము మనకంటె వేడియైనది కాదు. 1970 దశకమునుండి ఆ నగరము సైకిళ్లకు వేఱు బాటలు వేయుచు వచ్చినది. నేడవి 900 కిలోమీటర్లకు మించినవి. మోటారు రోడ్లతోపాటు, ముఖ్యమైనచోట్ల వానికంటె ముందుగ, ఆ బాటలపై మంచు తొలగింపబడును. రాత్రి దీపములు వెలుగును. 2013లో శీతకాలపు సైకిలు ప్రయాణమును గూర్చిన మొదటి అంతర్జాతీయ సమావేశము ఆ నగరముననే జరిగెను. దానినుండి తేలిన సంగతి సులభము. జనులను ఇంటిలో కూర్చుండబెట్టునది చలి కాదు, తుడువని బాట.

మనకు మంచు లేదు. మనబాట కడ్డము వేఱు సంగతులు కలవు: వెలుగని వీథి దీపములు, అంచు విఱిగిన తారు, వెనుకనుండి దూసికొనివచ్చు లారీలు. నేడు మన నగరములలో వేలు, లక్షలు వెచ్చించి కలల బండిని కొనినవాడు, దానిని వరండాలో పీటకు బిగించి త్రొక్కుచున్నాడు. అదే తెల్లవాఱుజామున, అదే వీథిలో, పాతబండిపై పాల క్యానులు తగిలించుకొని మఱియొకడు పోవుచున్నాడు. మొదటివాడు బయటికి పోవ భయపడి లోపల ఉన్నాడు. రెండవవాడు లోపల ఉండ వీలులేక బయటికి పోయినాడు. ఇద్దఱును ఎన్నుకొన్నారని చెప్పుట కష్టము.

లోపలనా, బయటనా యను ప్రశ్నకు చరిత్ర ఒక్క సమాధానము చెప్పదు. ఒక షరతును మాత్రము చెప్పును. తలుపునకు లోపలి గడియ ఉండవలెను. తలుపు తెఱచిన పిమ్మట ఎదుట బాట ఉండవలెను. ఈ రెండును ఉన్నచోట మనుష్యుడు గదిలో త్రొక్కినను, వీథిలో త్రొక్కినను ఆతడు స్వతంత్రుడే. అట్టి ఊరిలో పినతండ్రిగారు విడిచిన పాతబండియు కలల బండియే యగును.